తెలుగునాట మరుగున పడిన పాత దొరల సమాధులు: వెదకడం, నమోదు చేయడం, కాపాడుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ సమాధుల గురించి ఈ ప్రశ్నలు?

వర్తకం కోసం సముద్రం దాటి తెలుగు తీరానికి వచ్చి, తిరిగి వెళ్ళకుండా ఇక్కడే కన్నుమూసిన డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వారి సమాధుల గురించి; వారి తరువాత వచ్చిన సైనికులు, మిషనరీలు, ఇంజనీర్లు, వారి భార్యాబిడ్డల సమాధుల గురించి. డచ్ ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నంలో కొఠీ, అంటే వర్తక స్థావరం, తెరిచింది. ఇంగ్లీషువారు 1611లో అక్కడికే వచ్చారు. ఆ తరువాత భీమునిపట్నం, పాలకొల్లు, కాకినాడను ఆనుకొని ఉన్న జగన్నాథపురం వంటి చోట్ల కూడా డచ్చివారి స్థావరాలు వెలిశాయి. 1824 నాటి ఒప్పందం ప్రకారం మరుసటి సంవత్సరం డచ్చివారు తమ స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళిపోయారు. కొఠీలు కూలిపోయాయి, గిడ్డంగుల ఇటుకలు ఇళ్ళ గోడల్లోకి వెళ్ళాయి, సమాధులు మాత్రం చాలా చోట్ల నిలిచి ఉన్నాయి.

మచిలీపట్నంలోని డచ్చి శ్మశానం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఇప్పటి తమిళనాడులో ఉన్న పులికాట్ డచ్చి శ్మశానమూ అంతే. మనం ముఖ్యంగా ఆలోచించవలసినది అటువంటి వాటి గురించి కాదు. ఏ పట్టికలోనూ చోటు దొరకక, సర్కారు తుమ్మ కింద, చెరువు గట్టు పక్కన, పాఠశాల ప్రహరీ వెనుక మిగిలిపోయిన నాలుగైదు సమాధుల గుంపులు ఉంటాయే, వాటి గురించి.

వాళ్ళు మనల్ని ఏలినవాళ్ళు కదా, వాళ్ళ సమాధులను మనమెందుకు కాపాడాలి?

ఇది న్యాయమైన ప్రశ్న, దీన్ని దాటవేయకూడదు. డచ్చి కంపెనీ ఈ తీరం నుంచి కలంకారీ బట్టలనే కాదు, 17వ శతాబ్దపు కరువుకాలాల్లో మనుషులను కూడా బానిసలుగా ఓడలెక్కించింది. కంపెనీ పెద్దల సమాధి రాళ్ళ మీద వంశచిహ్నాలు, బిరుదులు ఉంటాయి గాని ఆ సంగతి ఉండదు. ఒక సమాధిని కాపాడడం అంటే అందులో ఉన్న మనిషిని పొగడడం కాదు. ఏ తేదీన, ఏ హోదాలో, ఎంత వయసులో ఎవరు ఇక్కడ ఉన్నారో చెప్పే రాతి పత్రం అది. ఆ పత్రం పోతే వారి మంచితో పాటు వారి చెడును నిరూపించే ఆధారమూ పోతుంది.

ఇక సమాధుల్లో ఉన్నవారందరూ ఏలినవారు కారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ తెలుగు నేర్చుకొని సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఒకరు 1809లో, మరొకరు 1810లో మరణించారు, వారి అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. సమాధుల తోటల్లో పేర్లు చదువుతూ పోతే అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది పసిబిడ్డల వయసులే. మన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నాడు. ఆయన సమాధిని అక్కడివారు బాగా చూసుకోవాలని మనం కోరుకుంటాం. ఇక్కడి రాళ్ళ పట్ల మన బాధ్యతకు నాకు ఈ ఒక్క కారణమే చాలు.

వెదకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పొదల్లో కాదు, కాగితాల్లో. అలెగ్జాండర్ రీ 1897లో మద్రాసు రాష్ట్రంలోని డచ్చి కట్టడాల మీద పురావస్తు శాఖ కోసం తయారుచేసిన సంపుటంలో శ్మశానాల వివరాలు, రాళ్ళ చిత్రాలు ఉన్నాయి. 1905లో వచ్చిన జూలియన్ జేమ్స్ కాటన్ జాబితాలో మద్రాసు రాష్ట్రపు జిల్లాలవారీగా సమాధుల మీది రాతలు, చాలా చోట్ల ఆ మనిషి గురించిన చిన్న వివరణతో సహా ఉన్నాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అదే మొదటి ఆధారం. నిజాం రాజ్యానికి సంబంధించి 1941లో క్రాఫ్టన్ తయారుచేసిన జాబితా ఉంది. మీ ఊరు వీటిలో ఉంటే, వంద సంవత్సరాల కిందట అక్కడ ఎన్ని రాళ్ళు నిలిచి ఉన్నాయో మీకు తెలిసిపోతుంది. ఇప్పుడు లెక్కించి చూస్తే తేడా ఎంతో అర్థమవుతుంది, ఆ తేడా తరచుగా బాధ కలిగిస్తుంది.

తరువాతి మెట్టు రెవెన్యూ రికార్డులు. గ్రామ పటం, క్షేత్ర కొలతల పుస్తకం అంటే ఎఫ్‌ఎంబీ, సర్వే నంబర్లవారీగా భూముల వివరాలు ఉండే ఆర్‌ఎస్‌ఆర్ రిజిస్టరు, పట్టణమైతే టౌన్ సర్వే రిజిస్టరు చూడాలి. శ్మశానం పోరంబోకు అని, లేదా ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో ‘బరియల్ గ్రౌండ్’ అని రాసిన చిన్న సర్వే నంబరు కనిపిస్తుంది. తెలంగాణలో సేత్వారు అనే పాత భూసర్వే రిజిస్టరు, పాత పహాణీలు చూడాలి. ఇప్పటి కంప్యూటరు రికార్డులో ఆ నంబరు ఉపవిభాగాలైపోయి ఉండవచ్చు కాబట్టి, వీలైనంత పాత కాగితాన్నే అడగండి. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల మీద కూడా శ్మశానాలను గుర్తించారు.

మనుషుల పేర్లు తెలుసుకోవడానికి మరో దారి ఉంది. మద్రాసు రాష్ట్రపు చర్చి రిజిస్టర్ల నకళ్ళు, అంటే బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల వివరాలు, 1698 నుంచి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. డచ్చి కంపెనీ కాగితాలు హేగ్ నగరంలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. డచ్చి రికార్డులలో కొంత భాగం చెన్నైలోని తమిళనాడు అభిలేఖాగారంలోనూ ఉంది.

కాగితాల్లో ఏమీ దొరకకపోతే?

ఊరి పేర్లను వినండి. మచిలీపట్నంలో వలందపాలెం ఉంది: వలందలు అంటే హాలండువారు. పరాసుపేట ఉంది: పరాసులు అంటే ఫ్రెంచివారు. ఇంగ్లీషుపాలెం ఉండనే ఉంది. మూడు జాతుల వర్తకులు ఎవరెవరు ఎక్కడ మసలారో ఆ పేటల పేర్లు ఇంకా చెబుతున్నాయి. హైదరాబాదులో నిజాం సైన్యాన్ని నడిపిన ఫ్రెంచి సేనాని రేమాండ్ 1798లో మరణించాడు; మలక్‌పేట దగ్గరి గుట్ట మీద ఆయన సమాధి ఉంది; మూసారాంబాగ్ పేరు ఆయన పేరు నుంచే వచ్చిందంటారు. ఏ పుస్తకంలోనూ లేని శ్మశానాలను ఇటువంటి మాటలే పట్టిస్తాయి.

ఊరి పెద్దలను ‘సిమెట్రీ ఎక్కడుంది’ అని అడిగితే ప్రస్తుతం వాడుకలో ఉన్న సమాధుల తోటకు తీసుకువెళతారు. ‘దొరల గోరీలు ఎక్కడైనా ఉన్నాయా’, ‘ఈ చుట్టుపక్కల రాతల బండలు ఉన్నాయా’ అని అడగండి. పశువులు కాసేవారికి, తాటిచెట్లు ఎక్కేవారికి, చాకిరేవు దగ్గరివారికి తెలిసినంతగా ఊళ్ళో చదువుకున్నవారికి తెలియకపోవడం నేను చాలాసార్లు చూశాను. వారు చెప్పినది వారి పేరుతోనే, వారి అనుమతితో, మీ పుస్తకంలో రాసుకోండి. ఎందుకంటే ఇన్నాళ్ళూ ఆ జాగాను గుర్తుంచుకున్నది వారే.

నేల మీద ఏ గుర్తులు చూడాలి? ఏ కాలంలో వెళ్ళాలి?

సంక్రాంతి దాటిన తరువాత, ఎండలు ముదరక ముందు వెళ్ళండి. అప్పటికి గడ్డి ఎండి నేల కనిపిస్తుంది. పొడవాటి గుంటలు ఒకే దిక్కుగా వరుసలో ఉండడం ముఖ్యమైన గుర్తు. క్రైస్తవ సమాధులు సాధారణంగా తూర్పు పడమరలుగా, తల పడమర వైపు ఉంటాయి. ప్రహరీ పునాది, గేటు స్తంభాల మొదళ్ళు, చదరంగా మిగిలిన ఇటుక దిమ్మెలు చూడండి. ఇంగ్లీషువారి కాలపు సమాధుల మీద సున్నపు పూత వేసిన మొనదేలిన స్తంభాలు, చిన్న గోపురాల వంటి మండపాలు ఉంటాయి. డచ్చివారివి ఎక్కువగా నేలకు పరిచిన పెద్ద రాతి పలకలు, అందువల్ల అవి మట్టి కింద పూర్తిగా దాగిపోతాయి. పలక ఉందేమోనని గునపంతో పొడవవద్దు. చీపురుతో మట్టి తోయడం వరకే మీ పని.

ఒంటరిగా వెళ్ళవద్దు, పాముల మాట మరవవద్దు.

భూమిలోకి చూసే రాడార్ పరికరం తెస్తే పని తేలిక కాదా?

పొడి ఇసుక నేలల్లో అది ఉపయోగపడుతుంది. ఉప్పు తేమ ఉన్న తీరపు నేలల్లో, బంకమట్టిలో, నల్లరేగడిలో ఆ తరంగాలు లోతుకు పోవు. బందరు వంటి చోట దాని మీద ఖర్చు పెట్టే ముందు ఆ డబ్బుతో ప్రహరీ కట్టవచ్చేమో ఆలోచించండి.

ఆ జాగా ఎవరిది? ఎవరిని అనుమతి అడగాలి?

కొన్ని దక్షిణ ఇండియా సంఘపు (సీఎస్‌ఐ చర్చి) డయాసిస్‌ల, అంటే బిషప్పుల పరిధుల, చేతిలో ఉన్నాయి, కొన్ని రోమన్ కథోలిక సంఘానివి, కొన్ని పురపాలక సంఘానివి, కొన్ని రెవెన్యూ శాఖ పోరంబోకు, సికింద్రాబాదు వంటి చోట్ల కొన్ని దండు ప్రాంతపు (కంటోన్మెంటు) అధికారుల పరిధిలో ఉన్నాయి. తహసీల్దారు కార్యాలయంలో సర్వే నంబరు చూపించి, భూమి ఎవరి పేరున ఉందో రాతపూర్వకంగా తెలుసుకోవడమే మొదటి పని. ఇది విసుగు పుట్టించే పనే గాని, దీన్ని వదిలేసి శుభ్రం చేయడానికి దిగినవారు ఆక్రమణదారులుగా లెక్కకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. పక్క పొలం రైతుతో కూడా మాట్లాడండి; దారి ఆయన గట్టు మీదుగానే ఉంటుంది.

చట్టం ఏ మేరకు అండగా ఉంటుంది?

కేంద్ర పురావస్తు శాఖ రక్షిత స్థలమైతే 1958 నాటి చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తరువాత మరో 200 మీటర్ల వరకు అనుమతితో మాత్రమే చేయాలి. రాష్ట్ర స్థాయిలో ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి పురావస్తు చట్టం, తెలంగాణకు 2017 నాటి వారసత్వ చట్టం ఉన్నాయి. ఏ రక్షణ పట్టికలోనూ లేని శ్మశానానికి కూడా భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కొంత అండ: ఇతరుల మనసు గాయపరచాలనే, లేదా మతాన్ని అవమానించాలనే ఉద్దేశంతో, లేదా అలా జరుగుతుందని తెలిసీ ఖనన స్థలంలోకి అక్రమంగా ప్రవేశించడం నేరం, ఏడాది వరకు శిక్ష పడవచ్చు. కాని నా అనుభవంలో చట్టం కంటే ముందుగా పని చేసేది, గ్రామ పటం మీద ‘శ్మశానం’ అన్న మాట చెరిగిపోకుండా చూసుకోవడం.

రాయి నల్లగా పాచిపట్టి ఉంది. శుభ్రం చేయవచ్చా?

ముందు ఫోటో, కొలత, రాతకు నకలు. ఆ మూడూ అయిన తరువాతే నీళ్ళు. ఈ వరుసను దయచేసి మార్చవద్దు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. తొలి రోజుల్లో మేము నలుగురం కలిసి ఒక తీరగ్రామంలో ఒక పలకను ఇనుప తీగల బ్రష్‌తో మధ్యాహ్నమంతా రుద్దాం. సాయంత్రానికి రాయి తెల్లగా మెరిసింది, కాని చివరి రెండు పంక్తుల అక్షరాలు పొట్టులా రాలిపోయి ఉన్నాయి. రుద్దక ముందు తీసిన ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు. ఆ రెండు పంక్తుల్లో ఏముండేదో ఇక ఎవరూ చదవలేరు.

కాబట్టి: ఇనుప బ్రష్ వద్దు, యాసిడ్ వద్దు, బ్లీచింగ్ పొడి వద్దు, నిమ్మకాయ, చింతపండు వద్దు, ఇసుకను పీడనంతో చిమ్మే యంత్రం అసలే వద్దు. పులుపు ఏదైనా సరే చలువరాతిని, సున్నపు పూతను తినేస్తుంది. చన్నీళ్ళు, మెత్తని నైలాన్ బ్రష్ చాలు. కింది నుంచి పైకి తడుపుతూ రావాలి, అప్పుడు మురికి చారలు దిగవు. తట్టితే డొల్ల చప్పుడు వచ్చే రాయిని, పొరలు లేచిన రాయిని అసలు తాకవద్దు. పాచి కొంత మిగిలినా నష్టం లేదు. అక్షరాలు కనిపించాలని నూనె పూయడం, సుద్ద, పసుపు, కుంకుమ దిద్దడం, నల్లరంగు నింపడం మంచి మనసుతో జరిగేవే గాని రాతికి హాని చేస్తాయి.

మరి అరిగిపోయిన అక్షరాలను ఎలా చదవాలి?

వెలుతురుతో. ఉదయం ఏడింటికి, సాయంత్రం ఐదింటికి సూర్యకిరణాలు ఏటవాలుగా పడినప్పుడు నట్టమధ్యాహ్నం కనిపించని అక్షరాలు లేచి నిలబడతాయి. రాయి నీడలో ఉంటే నిలువుటద్దం తీసుకువెళ్ళి, పక్క నుంచి ఎండను దాని మీదికి మళ్ళించండి. రాత్రి అయితే టార్చిని రాతికి ఆనించినట్టు పక్కన పెట్టి, నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫోటోలు తీయండి. డచ్చి పలకల మీద అక్షరాలు లోపలికి చెక్కినవి కాక ఉబ్బెత్తుగా మలచినవి ఉంటాయి. వాటికి ఈ పద్ధతి మరీ బాగా పనికివస్తుంది. తడి కాగితం, సిరాతో నకలు తీసే పనిని శాసన నిపుణులకే వదిలేయాలి.

అక్షరం కనిపించాక కూడా పొరపాట్లకు చోటుంది. డచ్చి సమాధులు తరచుగా ‘హియర్ లెయిట్ బెగ్రావెన్’ అన్న మాటలతో మొదలవుతాయి, ‘ఇక్కడ ఖననమై ఉన్నారు’ అని దాని అర్థం. ‘ఓపర్‌హోఫ్ట్’ అంటే కొఠీ పెద్ద, ‘కోప్‌మన్’ అంటే వర్తకుడు, అది కంపెనీలో ఒక హోదా. నెల పేరు స్థానంలో 8 అంకె వేసి పక్కన ‘బెర్’ అని ఉంటే అది ఆగస్టు కాదు, అక్టోబరు. లాటిన్‌లో ఎనిమిదికి ఉన్న మాటతో అక్టోబరు పేరు ఏర్పడింది. 7 ఉంటే సెప్టెంబరు, 9 నవంబరు, 10 డిసెంబరు. పాత అక్షరాల్లో పొడుగు ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’ లాగే ఉంటుంది.

తేదీల విషయంలో మరో చిక్కు. 1752కు ముందు ఇంగ్లీషువారు పాత (జూలియన్) పంచాంగాన్నే వాడేవారు, వారికి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుచేత ఇంగ్లీషు రాయి మీద 1710 ఫిబ్రవరి అని ఉంటే అది మన లెక్కలో 1711 కావచ్చు. హాలండు ప్రాంతం 1583 నాటికే కొత్త (గ్రెగోరియన్) పంచాంగానికి మారింది. అంటే ఒకే ఊళ్ళో, ఒకే రోజున మరణించిన ఇద్దరి రాళ్ళ మీద వేరువేరు తేదీలు ఉండే వీలుంది. అందుకే రాయి మీద ఉన్నది ఉన్నట్టుగా, పంక్తికి పంక్తిగా, తప్పులతో సహా రాసుకోవాలి. మీ సవరణ వేరే గడిలో ఉండాలి.

కూలుతున్న సమాధిని సిమెంటుతో నిలబెట్టవచ్చా?

వద్దు. ఆ సమాధులు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. సున్నం తేమను పీల్చి వదులుతుంది. సిమెంటు ఆ తేమను లోపలే బంధిస్తుంది. తీరంలో ఆ తేమలో ఉప్పు ఉంటుంది, అది ఇటుకలో గడ్డకట్టి లోపలి నుంచి పిండి చేస్తుంది. బయట సిమెంటు పెంకు గట్టిగానే కనిపిస్తుంది, ఒక వానాకాలంలో మొత్తం ఊడి పడుతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళతో గానుగ సున్నం కలపడం తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, పాత ఆలయాల మరమ్మతులు చేసిన వారిని వాకబు చేయండి. అటువంటి మేస్త్రీ దొరికేవరకు వాన నీరు నిలవకుండా చుట్టూ చిన్న కాలువ తీసి ఆగడమే మేలు. వారసత్వ కట్టడాల పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ స్థానిక శాఖలను, 1976లో లండన్‌లో ఏర్పడిన దక్షిణాసియా శ్మశానాల సంఘం బాక్సాను సలహా అడగవచ్చు.

సమాధి మీద రావిచెట్టు మొలిచింది.

పీకవద్దు, వేరు లాగితే గోడ దానితో వస్తుంది. మొదలు దగ్గర కోసి, చిగురు వేసినప్పుడల్లా మళ్ళీ కోస్తూ చావనివ్వాలి. చెట్టు పెద్దదై, కట్టడం దాని వేళ్ళ పట్టులోనే నిలిచి ఉంటే నిపుణులు చూసేదాకా కొమ్మలు మాత్రమే తగ్గించండి.

గుప్తనిధుల కోసం తవ్వుతున్నారు. ఏం చేయాలి?

తెలుగు జిల్లాల్లో ఈ సమాధులకు ఉన్న ముప్పుల్లో వానకంటే, చెట్టుకంటే నేను దీనికే ఎక్కువ భయపడతాను. దొరలు బంగారంతో పూడ్చుకున్నారన్న నమ్మకంతో అమావాస్య రాత్రుల్లో పలకలు పగలగొడతారు. ఆనాటి క్రైస్తవ ఖననంలో శవంతో సొమ్ము పెట్టే ఆచారం లేదన్న సంగతిని ఊళ్ళో అందరికీ, ముఖ్యంగా యువకులకు, పదేపదే చెప్పాలి. తవ్వకం కనిపిస్తే గుంటను మీరు పూడ్చక ముందే ఫోటోలు తీసి, పోలీసులకు, తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇవ్వండి. నేలలో దొరికిన విలువైన వస్తువు గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ చెబుతోంది. కాపలా లేని శ్మశానం ఖచ్చితమైన స్థానాన్ని అందరికీ కనిపించేలా ప్రకటించవద్దని నా అభిప్రాయం. ఊరి పేరు చాలు. అక్షాంశ రేఖాంశాలు పురావస్తు శాఖకు ఇచ్చే ప్రతిలో ఉండాలి.

పాత సమాధి రాయి ఒకరి ఇంటి మెట్టుగా, మరొకరి చాకిబండగా ఉంది. తెచ్చి మళ్ళీ నిలబెట్టాలా?

వెంటనే కాదు. ఆ ఇంటివారు దొంగలు కారు. తాతల నాడు వరద తరువాతనో, తుపాను తరువాతనో పడి ఉన్న రాయిని తెచ్చుకొని ఉంటారు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. అటువంటి రోజుల తరువాత ఏ రాయి ఎక్కడికి చేరిందో ఎవరు చెప్పగలరు? అనుమతి తీసుకొని ఫోటో తీయండి, కొలవండి, అడుగు భాగంలో రాత ఉందేమో అడగండి. డబ్బిచ్చి కొనవద్దు; ఒక రాయి కొన్నారని తెలిస్తే మిగిలినవి కూడా అమ్మకానికి ఊడి వస్తాయి. తిరిగి ఇస్తామని వారే అంటే పురావస్తు శాఖ ద్వారా జరిపించండి.

సమాధి ఉన్నచోట మనిషి తప్పక ఉన్నట్టేనా?

కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు, గుత్తి కోట కింది శ్మశానంలో ఖననం చేశారు. కొన్నేళ్ళకు ఆయన అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. దత్తమండలంలో, అంటే ఇప్పటి రాయలసీమ ప్రాంతంలో, ఆయన జ్ఞాపకం పత్తికొండలో ఒక చోట, గుత్తిలో ఒక చోట ఉంది, శరీరం మరో చోట ఉంది. నమోదు చేసేటప్పుడు సమాధి, స్మారకం అన్న రెండు మాటలను కలపవద్దు.

మా ఊరి రాళ్ళ మీద ఒక్క అక్షరం కూడా లేదు. వాటినీ నమోదు చేయాలా?

తప్పకుండా చేయాలి. రాయి చెక్కించే స్తోమత లేని సిపాయిలు, మిశ్రమ వంశపు కుటుంబాలవారు, దొరల ఇళ్ళలో పనిచేసిన తెలుగు క్రైస్తవులు కూడా ఆ ప్రహరీలోపలే ఉండి ఉండవచ్చు. ప్రతి గుంటకు, ప్రతి దిమ్మెకు ఒక సంఖ్య ఇచ్చి, గేటు స్తంభం వంటి కదలని గుర్తు నుంచి దూరం కొలిచి, చేతి పటం మీద వేయండి. పట్టికలో పేరు గడిని ఖాళీగా వదలవద్దు. రాత ఎన్నడూ లేకపోతే ‘రాత లేదు’ అని, ఉండి చెరిగితే ‘చెరిగింది’ అని, పలక ఊడిపోయిన గూడు మాత్రమే మిగిలితే ‘పలక పోయింది’ అని రాయండి. ఇరవై ఏళ్ళ తరువాత ఎవరికైనా ఆ పలక ఏ చాకిరేవులోనో దొరికితే, గూడు కొలతలు మీ పట్టికలో ఉంటే, దాన్ని ఏ సమాధికి చేర్చాలో వారికి తెలుస్తుంది.